పందిరికి తాళం ఎక్కడిది? డీజే సామాను ఇన్సూరెన్స్ గురించి నా జవాబు

ప్రశ్న: "తణుకు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు డీజే పెడుతున్నాను. కంట్రోలర్, ల్యాప్‌టాప్, స్పీకర్లు, లైట్లు కలిపి ఆరు లక్షల దాకా పెట్టుబడి అయింది. దొంగతనానికీ, పాడవడానికీ ఇన్సూరెన్స్ చేయించడం మంచిదా, దండగా?"

చేయించండి, దండగ కాదు. కానీ ఏజెంటు ముందుగా చాపే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. అది మీ గదికి చేసే పాలసీ అయి ఉంటుంది. మన సామాను గదిలో ఉండే సరుకా? మాఘమాసం వచ్చిందంటే పాలకొల్లులో మా గదిలో మిగిలేవి విరిగిన స్టాండ్లు, కాలిపోయిన బల్బులు, ఒక పిల్లి. మిగతాదంతా ఊళ్ళ మీదే ఉంటుంది.

ఇక నా సిద్ధాంతం. డీజే సామాను పాట నడుస్తుండగా పోదు, పాట ఆగాక పోతుంది. ఇది ఎవరూ లెక్కలు తీసి చెప్పింది కాదు, నేను చెబుతున్నాను. పాట నడిచినంతసేపూ మన చుట్టూ వందమంది ఉంటారు. వాళ్ళలో సగం మంది, పాటలు కలిపే కంట్రోలర్ మీదకి వంగి, తమకు కావలసిన పాట చెవిలో అరుస్తూ ఉంటారు. చేతిలో కూల్‌డ్రింక్ గ్లాసు లేకుండా వచ్చి పాట అడిగిన పుణ్యాత్ముణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఆ గుంపులో దొంగకు చెయ్యి పెట్టే సందు ఉండదు. పాట ఆగాక జనరేటర్ అతను డీజిలు మిగుల్చుకోవడానికి చటుక్కున స్విచ్ కట్టేస్తాడు. పందిరంతా చీకటి. ఫోన్ల వెలుగులో మేము వైర్లు చుట్టుకుంటూ ఉంటాం. పెళ్ళివారు నిద్రకు పడతారు, వంటవాళ్ళు గుండిగలు దొర్లిస్తూ ఉంటారు, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో తెలియదు. మీరు తీసుకునే పాలసీ ఆ గంటకు పనికొస్తుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మలికిపురం అవతల ఒక ఊళ్ళో రిసెప్షన్‌కు వెళ్ళాం. వ్యాను కాలువ గట్టు దాటి లోపలికి రాదు. ఇంటికి కొబ్బరితోటలోంచి కాలిబాటే దారి. బేసులు, అంటే కింద పెట్టే బరువైన స్పీకర్లు, నలుగురు పడితే గానీ కదలవు, అందుకని ముందు వాటిని మోశారు. తరువాత ఆంప్లిఫయర్ల రాక్, ఆ తరువాత టాపులు, అంటే బేసుల మీద నిలబెట్టే స్పీకర్లు. చిన్న పెట్టెలు ఎప్పుడూ చివరికే. ఖరీదంతా ఆ చిన్న పెట్టెల్లోనే ఉంటుంది, అది వేరే సంగతి. కంట్రోలర్, రెండు వైర్‌లెస్ మైకులు ఉన్న నల్ల ఫ్లైట్ కేసును అరటి బోదె పక్కన పెట్టి, మంచుకు తడవకుండా దానిపై తివాచీ ముక్క ఒకటి కప్పాం. మనుషులందరూ రాక్ మోస్తూ గట్టు దాకా వెళ్ళి వచ్చే వ్యవధి చాలింది.

పోయినట్టు మాకు తెలిసింది నడి గోదావరిలో. ఆ వేళకు పంటు (బళ్ళను కూడా ఏరు దాటించే పడవ) లేకపోవడంతో సఖినేటిపల్లి రేవులో తెల్లవారేదాకా ఆగి, నరసాపురం వైపు వెళ్ళే పంటు మీదకి వ్యాను ఎక్కించాం. మా కుర్రవాడు టార్పాలిను తాడు బిగిస్తూ, "బాబాయ్, నల్లపెట్టె ముందు సీట్లో పెట్టారా?" అని అడిగాడు. ముందు సీట్లో డ్రైవరు మఫ్లరు, టీ ఫ్లాస్కు తప్ప ఏమీ లేవు. వెనక్కి తిప్పమనడానికి పంటు మన వ్యాను కాదు కదా. అవతలి ఒడ్డు దాకా వెళ్ళి, జనం దిగేదాకా ఆగి, మళ్ళీ ఇవతలికి వచ్చాం.

తోటలో పెట్టె లేదు. తివాచీ ముక్క మాత్రం నాలుగు మడతలు పెట్టి కుర్చీలో ఉంది! ఆ దొంగ ఎవరో గానీ పద్ధతి గలవాడు. పెళ్ళికూతురి మేనమామ గారు వచ్చి చుట్టూ చూసి, "మా ఊళ్ళో దొంగలు లేరండీ" అని తేల్చేశారు. ఆ వెంటనే పెసరట్టు ఉప్మా పెట్టించారు, తినకుండా కదలనివ్వలేదు. మర్యాదకు లోటు లేదు, పెట్టె మాత్రం రాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఇంటికి చేరాం.

నా దగ్గర పాలసీ ఉంది. ఏజెంటు "దొంగతనం పాలసీ" అని చెప్పి అమ్మినదే. నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపిన సర్వేయరు వచ్చి ముందుగా మా గది తాళం ఫోటో తీశారు.

"తాళం బాగానే ఉంది కదండీ."

"పోయింది ఇక్కడ కాదు మాస్టారూ, కొబ్బరితోటలో."

"అక్కడ తలుపు గానీ కిటికీ గానీ పగిలిందా?"

"పందిరికి తలుపు ఎక్కడిదండీ?"

ఆయన ఆ మాట కూడా శ్రద్ధగా రాసుకున్నారు. తరువాత వచ్చిన ఉత్తరంలో రెండే కారణాలు. బలవంతంగా లోపలికి వచ్చిన ఆనవాళ్ళు లేవు. నష్టం జరిగిన చోటు పాలసీలో రాసిన చిరునామా కాదు. క్లెయిము తిరస్కరించారు. సర్వేయరును ఏమీ అనను, ఆయన ఉన్నదే రాశారు. నాకు ఒళ్ళు మండింది ఏజెంటు మీద. నేను ఏ పని చేస్తానో అతనికి తెలుసు. వాళ్ళ అమ్మాయి ఓణీల వేడుకకు సౌండు పెట్టింది కూడా నేనే.

మీకు పనికొచ్చే విషయం ఇక్కడుంది. కంపెనీలు బర్గ్లరీ పాలసీ అని అమ్మేది సాధారణంగా తాళమో గోడో తలుపో పగలగొట్టి చేసిన దొంగతనానికి. కప్పిన గుడ్డ తీసి పెట్టె ఎత్తుకుపోతే అది మన దృష్టిలో దొంగతనమే, పాలసీ దృష్టిలో కాదు. మనలాంటివాళ్ళు అడగవలసింది ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ ఇన్సూరెన్స్, లేదా మినహాయించినవి తప్ప మిగతా నష్టాలన్నీ చూసే ఆల్ రిస్క్ పాలసీ. అందులోనూ చిరునామా బయట ఉన్న పోర్టబుల్ పరికరాలకు వర్తిస్తుందని విడిగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు కాగితం, రాయించాలి. నోటిమాట చెల్లదు. ఆ ఎండార్స్‌మెంట్‌లో "కాపలా లేకుండా వదిలేసిన" అనే షరతు ఎలా రాశారో చదవండి. తాళం వేసిన వాహనంలో ఉంటేనే వర్తిస్తుందని ఉంటే, సామాను వ్యాను ఎక్కించే ఆ సమయమంతా మీ నెత్తిమీదే పడుతుంది. ఈ ప్రశ్నను ఈమెయిల్‌లో అడిగి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి.

వ్యానుకు కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అది వ్యానుకు, లోపలి సామానుకు కాదు. వ్యాను కాలువలో పడితే వ్యానుకు డబ్బు వస్తుంది, బేసులు మీ ఖర్చులో ఆరబెట్టుకోవాలి. దారిలో జరిగే నష్టానికి ట్రాన్సిట్ కవర్ వేరే ఉంటుంది. దాన్ని మెరైన్ అంటారు. సముద్రం లేకపోయినా ఆ పేరే, కంగారు పడకండి. ముద్రా అప్పు తీసుకున్నవాళ్ళది మరో రకం భ్రమ. బ్యాంకు తన అప్పు కోసం గదికి అగ్నిప్రమాదం పాలసీ చేయించి, ప్రీమియం మీ ఖాతాలోంచే కోసుకుంటుంది. అది ఉంది కదా అని మా పక్క ఊరి మిత్రుడు ఏళ్ళ తరబడి నిశ్చింతగా నిద్రపోయాడు.

గది సంగతి కూడా చూసుకోండి. 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని అన్ని కంపెనీల దగ్గరా ఒకే నమూనా పాలసీ దొరుకుతోంది. 5 కోట్లు మించని ఆస్తి ఉన్న వ్యాపారాలకు అది. అగ్నితో పాటు తుపాను, వరద కూడా అందులోనే ఉంటాయి. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమ తోటలు ఎలా ఉన్నాయో చూసిన ఇంటి పెద్దలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. తుపాను కవర్ ఎందుకు అనే ఏజెంటును వాళ్ళ ముందు కూర్చోబెట్టండి.

సామాను విలువ తక్కువ రాయించడం ఇంకో పిచ్చి. ప్రీమియం మిగులుతుందని ఆరు లక్షల సామానును మూడు లక్షలని రాయిస్తారు. నష్టం లక్ష జరిగితే లక్ష వస్తుందనుకుంటారు. రాదు. సగం విలువకే చేయించారు కనుక సగమే ఇస్తారు, యాభై వేలు. అందులో ఎక్సెస్ అని మొదటి కొంత భాగం మళ్ళీ మీదే. ఎలక్ట్రానిక్ పాలసీలో విలువ ఈ రోజు కొత్తది కొంటే ఎంతో అంత రాయించాలి, మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ధర కాదు. బాగుచేయగలిగిన నష్టమైతే కొత్త భాగాల ఖరీదు సాధారణంగా తరుగు (వాడకం వల్ల తగ్గిన విలువ) కోయకుండానే ఇస్తారు. మొత్తం పోతే మాత్రం తరుగు తీసి ఇస్తారు. నాలుగేళ్ళ కంట్రోలర్ పోతే నాలుగేళ్ళ కంట్రోలర్ ధరే వస్తుంది. దానికి ఏడవకండి, నేను ఏడ్చి చూశాను, లాభం లేదు.

పాలసీ మార్చాక ఒకసారి డబ్బు వచ్చింది కూడా. ముమ్మిడివరం వైపు ఒక ఇంటి పెరట్లో సౌండు పెడితే, చెట్టు మీంచి కొబ్బరికాయ సరిగ్గా టాపు మీద పడింది. పైచెక్క చీలి, హార్న్ లోపలికి కుంగిపోయింది. ఈసారి వచ్చిన సర్వేయరు స్పీకరుతో పాటు కాయను కూడా రెండు వైపులా తిప్పి ఫోటో తీశారు. సీరియల్ నంబరు బిల్లుతో సరిపోయింది, మరమ్మతు అంచనా ఇచ్చాం, ఎక్సెస్ పోను మిగతాది ఖాతాలో పడింది. అందుకే బిల్లులు, వెనకవైపు సీరియల్ నంబర్ల ఫోటోలు ఫోన్లోనే కాకుండా ఇంకో చోట కూడా దాచండి. ఫోను కూడా అదే సంచీలో పోతే ఏం చేస్తారు?

పాలసీ ఎన్ని మాటలు చెప్పినా ఇవ్వనివి కొన్ని ఉన్నాయి. అంతర్వేది, అల్లవరం తీరంలో వరుసగా ప్రోగ్రాములు చేస్తే ఉప్పుగాలికి జాక్‌లు పచ్చబడతాయి, బోర్డులు తుప్పు పడతాయి. అది క్రమంగా వచ్చే అరుగుదల, క్లెయిము లేదు. జనరేటర్ ఓల్టేజీ ఎగిరి ఆంప్లిఫయర్ కాలితే బర్గ్లరీ, అగ్ని పాలసీలు మొహం తిప్పుకుంటాయి, ఎలక్ట్రానిక్ పాలసీ అయితే చూస్తుంది. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న సామానుకు ఎవరూ ఇవ్వరు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. పెళ్ళికొడుకు బాబాయి గారు "ఇంకొక్క పాట, నేను చూసుకుంటాను" అంటారు. పోలీసు జీపు వచ్చేసరికి ఆ బాబాయి గారు భోజనాల దగ్గర ఉంటారు, మన బేసులు స్టేషన్ వరండాలో ఉంటాయి.

సామాను పోతే ముందు ఫిర్యాదు ఇవ్వండి, ఏ ఊరి స్టేషన్ అని ఆలోచిస్తూ కూర్చోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఏటికి ఆ ఒడ్డున పోయి ఈ ఒడ్డున తెలిసే మనలాంటివాళ్ళకు ఇది పెద్ద వెసులుబాటు. కంపెనీకి కూడా అదే రోజు కబురు పెట్టండి. క్లెయిము అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా రాసి, నెల రోజులు చూసి, హైదరాబాదులో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారికి, రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు. ఒకే మనిషి పేరున నడిచే చిన్న వ్యాపారాల పాలసీలు కూడా అక్కడికి వెళతాయి. తిరస్కరించిన ఏడాది లోపు వెళ్ళాలి. నేను కొబ్బరితోట కేసుకు వెళ్ళలేదు, ఆ పాలసీలో రాసిన మాటలే నాకు ఎదురు సాక్ష్యం.

ఇప్పుడు నేను బయానా తీసుకునే రోజే పెళ్ళివారితో ఒక షరతు పెడుతున్నాను. మా ఆఖరి పెట్టె వ్యాను ఎక్కేదాకా జనరేటర్ ఆపకూడదు, దానికి అయ్యే డీజిలు ఖర్చు మాటలాడుకునే డబ్బులోనే ఉండాలి. కొందరు నవ్వుతారు. "సౌండు అయిపోయాక వెలుగు దేనికండీ?" అంటారు. ఒక పెద్దమనిషి అయితే ఆ నాలుగు లీటర్ల డీజిలు దగ్గర బేరం తెగక, బయానా వెనక్కి తీసుకుని వేరేవాళ్ళను పెట్టుకున్నారు. నేను పట్టించుకోలేదు. మీరు కూడా ఏ కంపెనీ, ఎంత ప్రీమియం అని వెతికే ముందు, మీ ఊరి జనరేటర్ అతనితో ఈ మాట తేల్చుకోండి.