బీపీ వినపడకపోతే ఏం చేయాలి?

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. సోమవారం నుంచి క్లినికల్ పోస్టింగ్స్ మొదలు. పెద్దాసుపత్రిలో మగవాళ్ల మెడికల్ వార్డు వేశారు. స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ మీద అన్నీ బాగానే చేశాను. నిజం మనిషి అనేసరికి చేతులు చల్లబడుతున్నాయి. బీపీ వినపడకపోతే? రక్తం చూసి పడిపోతే? ఇంటర్‌లో స్నేహితురాలి వేలు తెగితేనే నాకు కళ్లు తిరిగాయి. వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు. నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు. ఇంట్లో ఏమీ చెప్పలేకపోతున్నాను.
– ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో బీపీ గురించి అడిగిన మాటతోనే మొదలుపెడతాను. నర్సింగ్ పిల్లలతో చాలా ఏళ్లు మాట్లాడాక నాకు తెలిసిందేమిటంటే, బీపీ వినపడకపోవడం వల్ల ఎవరికీ నష్టం జరగదు. వినపడకపోయినా 120/80 అని రాసేస్తారు చూడండి, నష్టం అక్కడుంది. పక్కనున్న వాళ్లు నవ్వుతారేమోనని, పేషెంటు విసుక్కుంటాడేమోనని, చేతికొచ్చిన అంకె వేసేస్తారు. డాక్టరు రౌండ్స్‌కి వచ్చి ఆ అంకె చూసే మాత్ర పెంచుతారు, తగ్గిస్తారు. ‘సిస్టర్, నాకు వినపడలేదు, ఒకసారి చూడరా’ అనడానికి సిగ్గు పడకండి. మొదటి ఏడాది పిల్లల నుంచి ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఎదురుచూసేదీ అదే. కసురుకుంటే కసురుకోనివ్వండి. ఉదయం షిఫ్టులో ఆవిడకూ వంద పనులుంటాయి.

ఇక పద్ధతి. బొమ్మ చెయ్యి కదలదు, మాట్లాడదు, చొక్కా చెయ్యి మడిచి ఉండదు. మనిషి దగ్గర ముందు చొక్కా పైకి జరపమనండి, చెయ్యి గుండె ఎత్తులో ఆనేలా పెట్టండి. స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకునే కొసలు ముందుకు, అంటే మీ ముక్కు వైపుకు తిరిగి ఉండాలి. కంగారులో తిరగేసి పెట్టుకుని ‘ఏమీ వినపడట్లేదు’ అని ఏడ్చిన పిల్లలున్నారు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి ఎక్కించండి. నాడి ఆగిన చోటు నుంచి ఇంకో 30 పైకి వెళ్లి, స్టెతస్కోప్ మోచేతి మడతలో ఆనించి, నెమ్మదిగా, సెకనుకు రెండు మూడు పాయింట్ల (mmHg) లెక్కన దించండి. మొదటి చప్పుడు పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె. అందకపోతే గాలి మొత్తం తీసేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ చూడండి. రెండోసారీ అందకపోతే పిలవండి.

రక్తం సంగతి. అది పిరికితనం కాదు. కొంతమందికి రక్తం చూడగానే గుండె వేగం తగ్గి, బీపీ పడిపోతుంది, తలకు రక్తం చాలదు, కళ్లు తిరుగుతాయి. చూడగా చూడగా చాలామందికి తగ్గిపోతుంది. హాస్టల్‌లో టిఫిన్ మానేసి ఆరింటికే బస్సెక్కి వచ్చే రోజే ఎక్కువగా పడిపోతారు, కాబట్టి రెండు ఇడ్లీలైనా తిని వెళ్లండి. చెమట పట్టినా, చెవుల్లో హోరు మొదలైనా ‘ఇంకో నిమిషం ఓర్చుకుందాం’ అనుకోకుండా వెంటనే కూర్చోండి. తొడల కండరాలు గట్టిగా బిగించి వదులుతుంటే బీపీ కాస్త నిలబడుతుంది. మీకిలా అవుతుందని మీ ట్యూటర్‌కి సోమవారం పొద్దున్నే చెప్పేయండి. పడ్డాక తెలియడం కన్నా అది నయం.

మగవాళ్ల వార్డు గురించి మీరు పెద్దగా రాయలేదు కానీ, భయంలో అదీ ఒక పాలు ఉందనిపించింది. మొదట్లో జంటగా వెళ్లండి. వయసునుబట్టి ‘తాతా’, ‘అన్నా’ అని పిలిచి, ఏం చేయబోతున్నారో ముందు చెప్పండి. ‘కొత్తపిల్లవా?’ అని అడిగితే అవునండీ అనండి. చాలామంది పెద్దవాళ్లు ఆ మాటకే మెత్తబడి చెయ్యి చాపుతారు. ఎవరైనా వెకిలిగా మాట్లాడినా, తాకినా మాత్రం అది వృత్తిలో భాగమని భరించొద్దు. అక్కడే ఆపి, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి.

ఇంట్లో చెప్పలేకపోతున్నానన్నారు. ‘భయంగా ఉంది నాన్నా’ అన్న మాట వేరు, ‘మానేస్తాను నాన్నా’ అన్న మాట వేరు. మొదటిది అంటే ఆయనకు రెండోది వినపడుతుందని మీ అనుమానం. అందుకే ‘చదువుతాను, కానీ భయంగా ఉంది’ అని రెండూ కలిపి చెప్పండి. ఆయన అప్పు సంగతి ఆయనకు తెలుసు, దాన్ని వార్డులోకి మోసుకెళ్లకండి. ఈ కోర్సు మీకు సరిపడుతుందా లేదా అన్నది ఒక్క పేషెంటునూ ముట్టుకోకముందే తేల్చే విషయం కాదు, కొన్ని వారాలు గడవనివ్వండి.

పోస్టింగ్ మొదలయ్యాక కూడా నిద్ర, తిండి కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ ఆదివారం మాత్రం ఒక పని చేయండి. కాలేజీలో అడిగి బీపీ మిషన్ తెచ్చుకుని, హాస్టల్‌లో సన్నటి చెయ్యి, బొద్దు చెయ్యి, దొరికిన చేతులన్నీ చూడండి. ఫ్యాను ఆపొద్దు, ఫోన్‌లో మాట్లాడే అమ్మాయిని బయటికి పొమ్మనొద్దు. వార్డులో అంతకన్నా ఎక్కువ గోలే ఉంటుంది.