అగ్బాజాలో అడుగు ఎందుకు తప్పుతోందంటే (సమాధానం)

అగ్బాజా నాట్యం నేర్పేటప్పుడు గంట మొదలవగానే పిల్లల కాళ్లు తప్పుతున్నాయని అడిగారు కదా, లోపం కాళ్లది కాదండీ. ఘానాలోని ఎవె జాతి వాళ్ల ఈ నాట్యంలో గాంకోగుయి అనే గంట 12 మాత్రల్లో (సమానమైన కాల భాగాల్లో) 7 దెబ్బలు కొడుతుంది: 1, 3, 5, 6, 8, 10, 12. అడుగులు పడాల్సింది 1, 4, 7, 10 మీద. మొదటి మూడు దెబ్బల మధ్య ఎడం సమానం కాబట్టి కొత్తవాళ్ల కాలు వాటి వెంటే పోతుంది. 4, 7 మాత్రల మీద అసలు దెబ్బే లేదు, అక్కడే తడబడతారు.

కొన్నాళ్లు డోళ్లు పక్కన పెట్టండి. ముందు నడక, తర్వాత నడుస్తూనే గంట నోటితో అనడం. రెండో అడుగు రెండు, మూడు దెబ్బల నడుమ. మూడోది నాలుగు, ఐదు దెబ్బల నడుమ. నాలుగో అడుగు మాత్రం ఆరో దెబ్బతో కలిసి. మృదంగం వచ్చినవాళ్లకు తిశ్ర గతిలో (ఒక్కో అడుగుకు మూడు మాత్రలు) నాలుగు అడుగులని చెబితే చాలు, వెంటనే అందుకుంటారు.

కగాను అనే డోలు ఆఖర్న ఇవ్వండి. చిన్న డోలే గానీ అదే కష్టం: అడుగు పడిన మాత్ర వదిలేసి తర్వాతి రెండూ కొట్టాలి. కాలు ఆగితే మొదటి దెబ్బే అడుగు స్థానంలోకి జారుతుంది. అందుకే కూర్చోబెట్టి వాయించినా మడమ ఆడుతూనే ఉండాలి. భుజాలు, వీపు కదలిక ఆ తర్వాతే.