1908 కేటలాగు ఇప్పుడెందుకు?

ప్రశ్న: ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద రాప్సన్ రాసిన శాతవాహన నాణేల కేటలాగు కనిపించింది. 1908 అని ఉంది. ధర గట్టిగానే చెబుతున్నారు. అంత పాత పుస్తకం ఇప్పుడు పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: భేషుగ్గా పనికొస్తుంది, అందులో దేన్ని నమ్మాలో తెలిస్తే. ముందుమాటలోని రాజుల వరస, కాలనిర్ణయం పక్కన పెట్టండి. కోటిలింగాలలో 'చిముక' (శాతవాహన వంశ మూలపురుషుడిగా చెప్పే రాజు) పేరున్న నాణేలు దొరికింది ఆ పుస్తకం వచ్చిన దశాబ్దాల తర్వాత. ఫొటో ఫలకాలు, తూకాలు, ఏ నాణెం ఎక్కడ దొరికిందన్న వివరాలు మాత్రం ఇప్పటికీ దిక్కు.

సీసపు నాణేల విషయంలో మరీను. చెక్క సొరుగులో ఏళ్ల తరబడి ఉంచితే, చెక్క వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లపొడిగా రాలిపోతుంది. అక్షరాలు పోయాక మిగిలే సాక్ష్యం పాత ఫలకమే.

ఏనుగు బొమ్మ ఉన్న పోటిన్ (రాగిలో తగరం, సీసం కలిసిన మిశ్రమలోహం) నాణేల మీద అచ్చు మొత్తం పడదు. మీ నాణెం మీద 'సాతకణిస' (ప్రాకృతంలో 'శాతకర్ణి యొక్క' అని) ఒక్కటే కనిపిస్తే ఏ రాజుదో తేల్చలేం, ఆ పేరు చాలామందికి ఉంది. ఏనుగు తొండానికి ఎదురుగా ఏ అక్షరం ఉందో చూసుకుని, పేరు మొదటి సగం పడిన నాణేన్ని ఫలకాల్లో వెతకండి. రెండూ కలిపితే పూర్తి పేరు వస్తుంది.

కొలతలు అంగుళాల్లో, తూకం గ్రెయిన్లలో ఉంటాయి. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాములు, 200 గ్రెయిన్లంటే 12.96 గ్రాములు. తుప్పు పట్టిన సీసం తూకం మారుతుంది కాబట్టి కాస్త తేడాకే నకిలీ అనుకోకండి. అసలు అనుమానించాల్సింది వేరే ఉంది: అమ్మకానికి వచ్చిన నాణెం అంచు పగులు, నొక్కు ఫలకంలోని నాణేనికి అచ్చుగుద్దినట్టు ఉంటే అది పోత పోసిన నకలే. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు బొమ్మ ఒకటే ఉండొచ్చు కానీ, అంచు పగులు ఒకేలా రాదు.

డబ్బు ఇచ్చే ముందు పది రెట్ల భూతద్దంతో ఫలకం చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది పునర్ముద్రణ, ఆ ధరే ఇవ్వండి. కంప్యూటర్ కాపీ ప్రింటు తీస్తే 'పేజీకి సరిపెట్టు' అన్నది ఆపేయండి, లేకపోతే నాణెం సైజు మారిపోతుంది.

ప్రశ్న: చార్మినార్ రూపాయి మీద 1330 అని ఉంది. ఏ నిజాముది?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం

జవాబు: అది హిజ్రీ సంవత్సరం. 0.97తో గుణించి 622 కలపండి, 1912 వస్తుంది. అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. చార్మినార్ కమాను లోపల 'ఐన్' అక్షరం (ఉర్దూలో ఉస్మాన్ పేరుకు మొదటి అక్షరం) ఉందేమో చూడండి. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది. నెల, తేదీతో సహా కావాలంటే పాత హిజ్రీ పట్టికల పుస్తకం చాలు, ఆ లెక్కలకు కాలదోషం పట్టదు.