పెద్ద మానిటర్ ఒకటా, చిన్నవి రెండా?

ప్రశ్న: మాది ఒంగోలు. చెన్నై కంపెనీకి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులు చదివి జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు వేసే పని) చేస్తున్నాను. మా ఆయన చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. ఇల్లు కట్టుకున్నప్పుడు నా పని కోసమని ఆయనే దగ్గరుండి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న గెలాక్సీ గ్రానైట్ పలకను గోడకు బల్లలా వేయించారు. ఇప్పుడు దాని మీద ఎడమ పక్కన ఒక పాత మానిటర్, ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టుకుని చేస్తుంటే ఆరు నెలలుగా మెడ నొప్పి. 24 అంగుళాల మానిటర్లు రెండు కావాలన్నాను. ఆయన మా మరిదిని కనుక్కుని 34 అంగుళాల కర్వ్‌డ్ మానిటర్‌కు ఐదు వేలు అడ్వాన్సు కట్టి వచ్చారు. రెండు చిన్నవి పంతొమ్మిది వేలకు వస్తాయి, అదొక్కటే ఇరవై తొమ్మిది వేలు. నాకొద్దన్నాను. మాటా మాటా పెరిగి మరిది ముందే ‘నా పనేంటో మీకేం తెలుసు’ అనేశాను. ‘పెద్దది కొనిస్తానంటే చిన్నది అడిగే మనిషిని నిన్నే చూశా’ అని అత్తయ్య అంటున్నారు. పది రోజులుగా ఆయన నాతో సరిగా మాట్లాడటం లేదు. నేనే సర్దుకుపోవాలా?

సమాధానం: అమ్మా, మీరు అడిగినది గొంతెమ్మ కోరిక కాదు. రోజుకు ఎనిమిది గంటలు ఆ తెర ముందు కూర్చునేది మీరు, నొప్పి పడుతున్న మెడ మీది. కాబట్టి ఏ మానిటర్ కావాలన్న విషయంలో మీ మాటే చెల్లాలి, మీరు సర్దుకుపోవలసిన అవసరం లేదు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం మానిటర్ గురించినది కాదు. ‘నా పనేంటో మీకేం తెలుసు’ అన్నారు. నిజంగానే ఆయనకు తెలియదు. రోగుల రికార్డులు ఇంట్లోవాళ్ల కంట కూడా పడకూడదు కనుక మీరు తలుపు వేసుకుని పని చేస్తారు, అలా చేయడం మీ బాధ్యత కూడా. కానీ ఆ మూసిన తలుపు అవతల భార్య ఏం చదువుతోందో, ఎందుకు అలసిపోతోందో ఆయన ఏనాడూ చూడలేదు. ఆయన చూసినదల్లా నొప్పితో మెడ పట్టుకుని బయటికి వస్తున్న మిమ్మల్ని మాత్రమే. తెలిసిన తమ్ముణ్ణి అడిగి, ఉన్నవాటిలో మంచిదనుకున్నదానికి డబ్బు కట్టి వచ్చిన మనిషికి, ఆ తమ్ముడి ఎదుటే ఆ మాట పడటం ఎంత కష్టంగా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. ఆ ఒక్క మాటకు మాత్రం మీరు ఆయనకు క్షమాపణ చెప్పుకోవాలి. రెండు మానిటర్లు కావాలన్నందుకు చెప్పుకోనక్కరలేదు.

ఇక మీ పని సంగతి ఆయనకు ఎలా తెలియజెప్పాలన్నది చూద్దాం. రోగి రికార్డు చూపించకుండానే చెప్పవచ్చు, ఎందుకంటే ఆయన పని కూడా అటువంటిదే. ఒక చేతి కింద వే బిల్లులు (సరుకు రవాణా కాగితాలు), మరో చేతి కింద లెక్కల పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒకదానిలో చూసి రెండోదానిలో రాసుకునే మనిషికి ‘నాదీ అదే పని, ఒక తెర మీద డాక్టరు రాసిన చార్టు, ఇంకో తెర మీద కోడ్ వెతికి ఎక్కించే సాఫ్ట్‌వేర్’ అంటే చాలు, అర్థమవుతుంది. పుస్తకాలు రెండు ఉండటం ఎందుకు మేలో ఆయన వెంటనే గ్రహిస్తారు. అయితే ఒకే వెడల్పాటి పుస్తకంలో రెండు పేజీలు తెరిచినట్టు పెద్ద తెరను రెండుగా పంచుకోవచ్చు కదా అని మీ మరిది అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్నే. 34 అంగుళాల తెరలో సాధారణంగా అడ్డంగా 3440, నిలువుగా 1440 చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. మామూలు 24 అంగుళాలవి రెండు కలిపినా అడ్డంగా 3840, నిలువుగా 1080 మాత్రమే. మొత్తం చుక్కల లెక్కలో పెద్దదే కాస్త ఎక్కువ, మధ్యలో అంచుల అడ్డు కూడా ఉండదు. విశాలమైన ఎక్సెల్ షీట్లతోనో, వీడియో ఎడిటింగ్‌తోనో మీకు పని ఉన్నట్లయితే నేను మీ ఆయన పక్షమే వహించేవాణ్ణి.

మీ సంగతి వేరు. ల్యాప్‌టాప్‌లో ఒక విండో తెరిచి, దాని ద్వారా కంపెనీ సర్వర్‌లోకి వెళ్లి పని చేసే పద్ధతి మీదైతే, ఆ విండోను పూర్తి తెరకు పెట్టినప్పుడు పెద్ద మానిటర్ మొత్తాన్ని అదే ఆక్రమిస్తుంది, తక్కినవన్నీ దాని వెనక్కి పోతాయి. రెండు మానిటర్లయితే ఒకదానిలో అది నిండుగా ఉంటుంది, రెండోది మీ చేతిలో ఖాళీగా ఉంటుంది. మీటింగులో మొత్తం తెరను షేర్ చేసినప్పుడు కూడా అంత వెడల్పు తెర అవతలివాళ్ల మామూలు ల్యాప్‌టాప్‌లో కుంచించుకుపోయి అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. విద్యుత్తు ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, దాని గురించి వాదించుకోవద్దు.

అయితే రెండు మానిటర్లు తెచ్చినంత మాత్రాన మెడ నొప్పి పోతుందని మాత్రం నేను మాట ఇవ్వలేను, ఈ సంగతి మీరూ నిదానంగా ఆలోచించాలి. ఇప్పటి మీ నొప్పికి కారణం తెర చిన్నది కావడం కాకపోవచ్చు. పనంతా ఎడమ పక్కనున్న మానిటర్‌లో, కింద ఉన్న ల్యాప్‌టాప్‌లో జరుగుతుండటంతో మెడ గంటల తరబడి ఒకసారి పక్కకు, ఒకసారి కిందికి తిరుగుతోంది. కొత్తవి వచ్చాక రెండింటినీ చెరో పక్కన సమంగా పెట్టి మధ్యలోని అంచుల ఎదురుగా కూర్చున్నారంటే, మళ్లీ రోజంతా మెడ అటో ఇటో తిరిగే ఉంటుంది. మీరు ఎక్కువసేపు చదివేది చార్టు కనుక ఆ మానిటర్‌ను ముక్కుకు సూటిగా, చాచిన చేతి దూరంలో పెట్టండి. పై అంచు మీ కంటి మట్టానికి గానీ, కాస్త దిగువకు గానీ ఉండాలి. రెండోదాన్ని దానికి ఆనించి, పుస్తకం అట్ట తెరిచినట్టు మీ వైపు కొద్దిగా వంచండి. ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టుకుని, విడిగా ఒక కీబోర్డు, మౌసు వాడండి.

ఆ రాతి పలక విషయంలో కూడా ఒక జాగ్రత్త చెప్పాలి. మానిటర్లను గాలిలో నిలిపే లోహపు చేతులు (మానిటర్ ఆర్మ్‌లు) బల్ల అంచుకు మరతో బిగించేవి ఉంటాయి, వాటిని రాయి అంచుకు గట్టిగా బిగిస్తే పెచ్చు లేచే ప్రమాదం ఉంది, మానిటర్‌తో వచ్చే స్టాండే మీకు మేలు. ఇంకొకటి, చీమకుర్తి గెలాక్సీ రాయి అందమంతా ఆ నల్లటి నునుపులో మెరిసే బంగారు చుక్కల్లోనే ఉంది గానీ, అదే నునుపు మీద ట్యూబ్‌లైటు వెలుగు పడి నేరుగా కళ్లలోకి కొడుతుంది. కీబోర్డు కింద ఒక ముదురు రంగు గుడ్డ పరుచుకోండి, చాలా తేడా తెలుస్తుంది.

ఈ ఆదివారం పని లేని పూట ఆయనను గదిలోకి పిలవండి. పాత పేపర్లు తీసుకుని 53 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తుతో రెండు ముక్కలు, 80 సెంటీమీటర్ల వెడల్పు, 33 సెంటీమీటర్ల ఎత్తుతో ఒక ముక్క కత్తిరించండి. 24, 34 అంగుళాల తెరల కొలతలు దాదాపు అవే. పలక పైనున్న గోడకు మొదట చిన్నవి అంటించి మీరు కుర్చీలో కూర్చోండి, తరువాత పెద్దది అంటించి ఆయనను కూర్చోబెట్టండి. మీ పలక పొడవు సుమారు 122 సెంటీమీటర్లు, చిన్నవి రెండూ పక్కపక్కన 106 తీసుకుంటాయి, కనుక నోటుపుస్తకానికీ, మంచినీళ్ల సీసాకూ చోటు ఇరుకవుతుంది. పెద్దదయితే సుమారు 42 సెంటీమీటర్లు మిగులుతుంది. ఇది మీకు వ్యతిరేకంగా ఉన్న సంగతే అయినా దాచకండి, మీరే చెప్పండి. రాత్రిపూట పెద్ద తెర మీద సినిమా చూడాలన్న ముచ్చట ఆయనకు ఉందేమో కూడా అప్పుడే అడగండి. ఉంటే ఉండనివ్వండి, అందులో తప్పు లేదు, కాకపోతే అది మీ పని బల్ల మీద తీరవలసిన ముచ్చట కాదని నెమ్మదిగా చెప్పండి.

అత్తయ్యగారికి వివరాలేవీ అక్కరలేదు. ‘చిన్నవైతే మెడకు సుఖమని మీ అబ్బాయే చూసి చెప్పారత్తయ్యా’ అనగలిగే రోజు వచ్చాక ఆ మాట చెప్పండి, అంతవరకు ఊరుకోండి.

దుకాణానికి ఇద్దరూ కలిసే వెళ్లండి. బయలుదేరే ముందు మీ ల్యాప్‌టాప్‌కు రెండు బయటి తెరలు ఒకేసారి పనిచేస్తాయో లేదో మీ కంపెనీ ఐటీ వాళ్లను అడిగి తెలుసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఒక్కటే పనిచేస్తుంది, అలాంటప్పుడు 27 అంగుళాల మానిటర్ ఒకటి ఎదురుగా ఉంచి, ల్యాప్‌టాప్‌ను పీట మీద అదే ఎత్తుకు లేపి రెండో తెరగా వాడుకోవడం ఉత్తమం. కట్టిన అడ్వాన్సును మీరు ఎంచుకున్నవాటికి మార్చుకునే మాట, వాటిలో ఏ కంపెనీవి తీసుకోవాలన్న ఎంపిక, ఇంటికి తెచ్చాక వైర్లు సర్దే పని ఆయనకే వదిలేయండి. మీకేదో తన చేతులతో చేయాలన్న ఆయన కోరిక న్యాయమైనదే, దానికి ఇక్కడ చోటుంది. ఇన్ని మార్పులు చేశాక కూడా నొప్పి తగ్గకపోయినా, చేతిలోకి తిమ్మిరి దిగుతున్నా ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.