లోహం మీది పొరను చదవాలనుకునే అమ్మాయికి

విశాఖపట్నం

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ ఎం.టెక్ ప్రాజెక్టు కాగితాలు మీ నాన్న తెచ్చి ఇచ్చాడు. రెండుసార్లు చదివాను. లూబ్రికెంట్ అడిటివ్‌లు, అంటే కందెన నూనెలో కొద్దిగా కలిపే రసాయనాలు, ఉక్కు మీద ఎలా పనిచేస్తాయో చూస్తానన్నావు. ఉద్యోగమంతా గేర్‌బాక్సులు, బేరింగుల మధ్యే గడిచిన నాకు మన ఇంటి పిల్ల ఈ దారిలోకి రావడం చాలా సంతోషంగా ఉంది. ఐదు ఆయిళ్లు తీసుకుని, నాలుగు ఉక్కు గుండ్లని ఒరిపించి చూసే ఫోర్‌బాల్ మెషీన్‌లో పెట్టి, ఏది తక్కువ అరిగితే అది మంచిదని చెప్పాలన్నది నీ ప్లాన్. అక్కడ మాత్రం నిన్ను కాసేపు ఆపాలి.

అడిటివ్ డబ్బాలో ఉన్నంతసేపూ ఏమీ చేయదు. రెండు లోహాలు ఒరుసుకునే చోట, ఆ వేడిలో, ఆ ఒత్తిడిలో అది విరిగి కొత్త పదార్థంగా మారి లోహానికి అంటుకుంటుంది. నువ్వు చదవాల్సింది ఆ అంటుకున్న పొరని. జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్‌నే తీసుకో. మనవాళ్లంతా జెడ్‌డీడీపీ అంటారే, అదే. 1940ల్లో దాన్ని ఇంజన్ ఆయిల్ పాడవకుండా, బేరింగుల లోహాన్ని తుప్పు తినేయకుండా వాడటం మొదలుపెట్టారు. అరుగుదలని కూడా ఆపుతుందని తర్వాత తెలిసింది. రాపిడి జరిగే చోట అది గాజులాంటి ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. మందం సుమారు 100 నానోమీటర్లు. అదీ సమంగా పరుచుకోదు, చిన్న చిన్న దిమ్మలుగా పేరుకుంటుంది. 2015లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో అతి సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమి చూసే అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు మొనతోనే రుద్దుతూ ఆ పొర పెరగడాన్ని అక్కడికక్కడే చూశారు. ఒత్తిడి పెంచితే పొర పెరిగే వేగం ఎన్నో రెట్లు పెరిగింది. ఆ పేపర్ తప్పక చదువు.

కొత్త ఇనుప పెనం మీద మొదటి దోసెలు అంటుకుపోయి, నూనె కాలి పొర పట్టాక జారినట్టే, ఇక్కడా పొర పట్టడానికి టైమ్ పడుతుంది. అందుకే పరీక్ష చివర వచ్చే ఒక్క అంకె చాలదు. మొదటి నిమిషం నుంచీ రాపిడి గ్రాఫ్ దాచుకో.

ఇప్పుడు ఫోర్‌బాల్ సంగతి. ఏఎస్‌టీఎం డి4172 అనే పరీక్షా ప్రమాణం ప్రకారం 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గుండ్లు మూడు కింద బిగించి, నాలుగోదాన్ని పైన 1200 ఆర్‌పీఎంతో తిప్పుతారు. 40 కేజీల లోడు, 75 డిగ్రీలు, ఒక గంట. తర్వాత కింది గుండ్ల మీద అరిగిన మచ్చ వ్యాసం కొలుస్తారు. ఈ లోడుకి అసలు అరుగుదలే లేకపోయినా, లోహం నొక్కుకోవడం వల్లనే 0.30 మిల్లీమీటర్ల మేర గుండ్లు తాకుతాయి. కాబట్టి నీ లెక్క సున్నా నుంచి కాదు, 0.30 నుంచి మొదలవ్వాలి. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మచ్చ 0.60కి పెరిగిందంటే ఒత్తిడి మొదట్లో ఉన్నదాంట్లో నాలుగో వంతుకు పడిపోయినట్టే. అంటే బాగా కాపాడే ఆయిల్ చివరిదాకా పెద్ద ఒత్తిడి కింద పనిచేస్తుంది, కాపాడలేనిది మెల్లగా సుఖపడుతుంది. రెండింటి మీదా ఏర్పడే పొరలు ఒకే పరిస్థితుల్లో పుట్టినవి కావు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఈ మాట థీసిస్‌లో రాసి తీరాలి.

శుభ్రం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, సగం ప్రాజెక్టులు అక్కడే పాడవుతాయి కనుక. గుండ్లు పెట్టెలో తుప్పు పట్టకుండా నూనె పూసి వస్తాయి. ఆ నూనెలో ఉండేది కూడా లోహాన్ని పట్టుకునే అడిటివే. దాన్ని పూర్తిగా తీయకపోతే నీ అడిటివ్‌కి కూర్చోవడానికి చోటుండదు. ముందు హెప్టేన్‌లో, తర్వాత ఎసిటోన్‌లో, అల్ట్రాసోనిక్ బాత్‌లో పెట్టి కడుగు. కడిగాక చేత్తో ముట్టుకోకు. వేలి జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు లోహం మీద పొర కడతాయి. ఆ లక్షణం కోసమే ఒలియిక్ ఆమ్లం లాంటివాటిని రాపిడి తగ్గించే అడిటివ్‌లుగా వాడతారు మరి.

ఆపైన మన ఊరి గాలి. ఇక్కడి ఉప్పు తేమకి కడిగిన ఉక్కు బల్ల మీద రాత్రంతా ఉంటే పొద్దున్నకి తుప్పు మచ్చలు తేలతాయి. డెసికేటర్‌లో, అంటే తేమ చేరని మూత డబ్బాలో పెట్టు, సిలికా జెల్ రంగు మారితే వేడిచేసి ఆరబెట్టు. ఏ రోజు గాలిలో తేమ ఎంతుందో నోట్‌బుక్‌లో రాసుకో. ఆగస్టులో చేసిన పరీక్షనీ జనవరిలో చేసినదాన్నీ పోల్చాల్సి వస్తే అది కావాలి. గుండ్లే కాక ఉక్కు డిస్కుల మీద కూడా పరీక్ష చేస్తే, వాటిని కోయించడం, గ్రైండింగ్ ఆటోనగర్‌లో చేయించుకోవచ్చు, బాగానే చేస్తారు. ఆఖరి పాలిష్ మాత్రం నువ్వే చెయ్యి. గరుకుదనం మారితే ఆయిల్ పొర లోహాల్ని ఎంత విడదీస్తుందో మారిపోతుంది, అడిటివ్‌కి పని పడుతుందో లేదో అది తేలుస్తుంది.

పరీక్ష అయ్యాక తొందరపడి కడగొద్దు. ముందు మైక్రోస్కోపు కింద పెట్టి ఫొటో తియ్యి. తర్వాత హెప్టేన్‌తో మెల్లగా, రుద్దకుండా కడిగి మళ్లీ తియ్యి. ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) ఈడీఎక్స్, అంటే ఏయే మూలకాలున్నాయో చెప్పే పరీక్ష చేయిస్తే, 15, 20 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ కిరణం ఉక్కులోకి దాదాపు ఒక మైక్రాన్ లోతుకి దిగుతుంది. నీ పొర అందులో పదో వంతు. ఇనుము తప్ప ఏమీ కనిపించట్లేదని టెన్షన్ పడకు, 5 కిలోవోల్టులకి తగ్గించమని ఆపరేటర్‌ని అడుగు. మాలిబ్డినం అడిటివ్ వాడితే ఇంకో చిక్కు ఉంది. ఈడీఎక్స్‌లో మాలిబ్డినం, గంధకం గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అది మాలిబ్డినం డైసల్ఫైడేనా అన్నది లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తుపట్టే రామన్ పరీక్షలో చూడాలి, 383, 408 సెం.మీ⁻¹ దగ్గర జంట శిఖరాలు వస్తాయి. లేజర్ పవర్ తక్కువ పెట్టించు, ఎక్కువైతే ఆ పొర అక్కడే కాలిపోతుంది. ఇక మచ్చ నిజమైన లోతు కావాలంటే ఫాస్ఫేట్ పొరని కరిగించే ఈడీటీఏ రసాయన ద్రావణంతో తీసేసి కొలవాలి. లేకపోతే పైన పేరుకున్న దిమ్మలు అరిగిన గుంటని దాచేస్తాయి.

రాపిడి తగ్గడం, అరుగుదల తగ్గడం ఒకటే అనుకోకు. జెడ్‌డీడీపీ అరుగుదలని బాగా ఆపుతుంది, కానీ దాని గరుకు పొర వల్ల కొన్ని వేగాల దగ్గర రాపిడి పెరుగుతుంది.

లోహం మారితే కథంతా మారుతుంది. ఒక ప్లాంటులో కంచు వార్మ్ వీల్ (పళ్ల చక్రం) ఉన్న గేర్‌బాక్సులో, బలమైనది కదా అని చురుకైన గంధకం ఉన్న ఈపీ ఆయిల్ (తీవ్ర ఒత్తిడిని తట్టుకునేది) పోశారు. ఉక్కు పళ్లని కాపాడే ఆ గంధకమే కంచులోని రాగిని నల్లగా తినేసింది. అందుకే ఏ ఫలితం రాసినా ఏ లోహం మీద, ఎంత వేడి దగ్గర అన్నది పక్కనే రాయి.

ఇక టాపిక్. ఐదు ఆయిళ్లు వద్దు. అడిటివ్‌లు ఒకే లోహపు చోటు కోసం పోటీ పడతాయి కదా, అందులో ఒక్క జంటని పట్టుకో. జెడ్‌డీడీపీ ఉన్న ఆయిల్‌లో రాపిడి తగ్గించే గ్లిసరాల్ మోనో ఒలియేట్ కొద్ది కొద్దిగా పెంచుతూ పోతే ఫాస్ఫేట్ పొరకి ఏమవుతుంది? రెండేళ్ల ఎం.టెక్‌కి ఇది చాలు. అది నచ్చకపోతే డీజిల్ వైపు చూడు. 2020 ఏప్రిల్ నుంచి మన బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకి తగ్గింది. గంధకం తీసే శుద్ధిలోనే పంపుల్ని కాపాడే సహజ పదార్థాలూ పోతాయి. అందుకే లూబ్రిసిటీ (జారుడు గుణం) పెంచే అడిటివ్ కలుపుతారు, ఆ డీజిల్‌తో చేసే అరుగుదల పరీక్షలో మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. రిఫైనరీ ఉన్న ఊళ్లో ఉన్నావు, ఈ విషయం మాట్లాడగల మనుషులు దొరుకుతారు. నాకైతే మొదటిదే ఇష్టం.

బేస్ ఆయిల్‌గా, అంటే అడిటివ్ కలిపే మూల నూనెగా, కృత్రిమంగా తయారయ్యే పీఏఓ తీసుకో. ముడి చమురు నుంచి తీసే గ్రూప్ 1 ఆయిల్‌లో తన గంధకం తనకుంటుంది, కనిపించిన గంధకం ఎవరిదో చెప్పలేవు. అడిటివ్ ఏమీ కలపకుండా ఒట్టి బేస్ ఆయిల్‌తోనే ముందు నాలుగైదు పరీక్షలు చేసి, మచ్చల ఫొటోలు స్కేలుతో సహా నాకు వాట్సాప్‌లో పంపు. వాటిలో వాటికే తేడా ఎక్కువుంటే, అడిటివ్ సీసా మూత తీయకముందే ఆ తేడా ఎక్కడి నుంచి వస్తోందో ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.

మీ పెదనాన్న