మిరప నారుకు పీట్ మాస్ ధర: నర్సంపేట నర్సరీ ప్రశ్నకు సమాధానం

నమస్కారం అండి. ఐరోపా దేశం లాత్వియాలో పీట్ (బురదనేలల్లో నాచు మొక్కలు పాక్షికంగా కుళ్లి ఏర్పడే, నారు పెంచడానికి వాడే తేలిక పదార్థం) నిల్వలు అపారంగా ఉన్నా, నర్సంపేటలోని మీ మిరప నారు నర్సరీకి వచ్చే పీట్ బేళ్ల (నొక్కి కట్టిన మూటల) ధర ఎందుకు దిగడం లేదని అడిగారు. అక్కడ బురదనేల పైపొరను గీరి, ఎండకు ఆరనిచ్చి, పొడిగా ఎత్తుతారు కనుక వేసవిలో వానలు ఎక్కువైన ఏడాది సరుకు తగ్గి ధర పెరుగుతుంది. పైగా పారిశ్రామిక తవ్వకం చాలావరకు ఆగిపోయిన ఐర్లండ్ సైతం 2021లో లాత్వియా నుంచే ఓడలో పీట్ తెప్పించుకుంది. తేలిక సరుకు కావడంతో కంటెయినర్‌లో బరువు కన్నా ముందు చోటు నిండిపోయి, ఓడ కిరాయి భారం మనపై ఎక్కువగా పడుతుంది.

ధర తగ్గేదాకా ఆగడం మీకు నష్టమేనని నా అభిప్రాయం. కోనసీమ కొబ్బరి పొట్టుకు మారండి. అయితే దానిని ఉప్పు పోయేదాకా కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో నానబెట్టి, మళ్లీ కడిగి, ఈసీ (ఉప్పు ఎంత ఉందో తెలిపే విద్యుత్ వాహకత కొలత) చూశాకే ప్రోట్రేలలో (నారు పెంచే గుంతల ట్రేలలో) నింపండి. లేకుంటే లేత ఆకుల అంచులు మాడిపోతాయి.