ఒప్పందాలు పనిచేస్తాయా అంటే, నా గ్యాస్ సిలిండర్ చూడండి

"వాతావరణ మార్పు మీద ఏటా పెట్టే సమావేశాల వల్ల ఒరిగేదేమైనా ఉందా? పిల్లల భవిష్యత్తు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది" అని అడిగారు. నేను విజయవాడలో ఏసీ మెకానిక్‌ని. 2007లో పనిలో చేరాను. ఒక ఒప్పందం పనిచేయడం నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నా.

అది వాతావరణం మీద పారిస్‌లో చేసుకున్న ఒప్పందం కాదు, ఓజోన్ పొరను కాపాడటానికి కెనడాలోని మాంట్రియల్‌లో చేసుకున్నది. ఓజోన్ పొరకు చిల్లు పడిందని 1985లో బయటపెట్టారు, 1987లో సంతకాలైపోయాయి. నేను పని నేర్చుకునేటప్పుడు పాత ఫ్రిజ్‌లలో చల్లదనానికి ఆర్-12 గ్యాస్ ఉండేది, ఓజోన్‌ని తినేసే రకం. 2008లో మన దేశంలో ఆ రకం గ్యాస్‌ల తయారీ ఆపేశారు, ఆస్తమా ఇన్‌హేలర్లకు తప్ప. మా గురువుగారు నాలుగు రోజులు తిట్టుకుని కొత్త గ్యాస్‌కి అలవాటు పడ్డారు. ఎవరూ మమ్మల్ని బతిమాలలేదు. ఫలానా తేదీ నుంచి బంద్, బదులు ఇది వాడండి, మారడానికి పేద దేశాలకు ఇదిగో డబ్బు. అంతే. అంటార్కిటికా మీద కూడా 2066 కల్లా ఓజోన్ 1980 నాటి స్థాయికి వస్తుందంటున్నారు.

తర్వాత ఒక శిక్షణలో చెప్పారు, ఏసీల్లో ఉండే ఆర్-22 గ్యాస్ కిలో గాల్లోకి వదిలితే భూమిని వేడెక్కించడంలో దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టేనని. అక్కడే ఫోన్‌లో లెక్కేశాను. నా బండి లీటరుకి యాభై ఇస్తుంది. అంటే 39 వేల కిలోమీటర్లు తిరిగినంత, ఒక్క ఏసీకి! అంతకుముందు పదేళ్లు నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేసినవాణ్ణే నేను.

2025 మే నెలాఖరు, రోహిణి కార్తె. సత్యనారాయణపురంలో ఒక పెద్దాయన ఇంటి డాబా మీద పాత ఏసీ తీయాలి. కంప్రెసర్ కాలిపోయింది కాబట్టి పంప్ డౌన్, అంటే ఏసీ చేతే గ్యాస్‌ని బయటి యూనిట్‌లోకి లాగించడం, కుదరదు. గ్యాస్‌ని సిలిండర్‌లోకి లాగే రికవరీ మిషన్ తగిలించాను. ఆయన మెట్ల గది నీడలో నిలబడి ప్రపంచాన్ని కడిగేస్తున్నారు. అమెరికా పారిస్ ఒప్పందంలోంచి పోయింది, వచ్చింది, మళ్లీ పోతానంటోంది, మన మనవళ్ల గతేంటయ్యా అని. పావుగంటయ్యాక వాచీ చూసుకున్నారు.

"ఇంకెంతసేపయ్యా?"

"ఇంకో ఇరవై నిమిషాలు సార్, గ్యాస్ సిలిండర్‌లోకి లాగాలి."

"పారేసే ఏసీకి ఇదంతా ఎందుకు? వదిలెయ్ గాల్లోకి."

చివరికి అనుకున్న డబ్బులో రెండొందలు కోసి ఇచ్చారు, మీ మిషన్‌కి నా కరెంట్ కాలింది అని. లోపల హాల్లో ఇంకో ఏసీ పద్దెనిమిది మీద నడుస్తోంది, వాళ్లమ్మాయి దుప్పటి కప్పుకుని టీవీ చూస్తోంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 మీదే మొదలవ్వాలని రూల్ పెట్టారు. ఎవరుంచుతారు?

పారిస్‌లో 2015లో ఎవరి లక్ష్యం వాళ్లే రాసుకున్నారు, తప్పితే జరిమానా లేదు. అజర్‌బైజాన్ రాజధాని బాకులో 2024లో జరిగిన వాతావరణ సమావేశంలో పేద దేశాలు ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు కావాలంటే, ధనిక దేశాలు 2035 కల్లా ఏడాదికి 30 వేల కోట్లకు తలూపాయి. ఫ్యాక్టరీలు రాకముందు కాలం కంటే భూమి వేడి 1.5 డిగ్రీలకు మించి పెరగకూడదని గీటురాయి పెట్టుకుంటే, అదే 2024 ఆ ఏడాది సగటులో దాన్ని దాటేసింది. గ్యాస్ చేసే ఫ్యాక్టరీలు కొన్నే, బొగ్గు అందరిదీ, రెండూ ఒకటి కాదంటారు చదువుకున్నవాళ్లు. నేనొప్పుకోను. తేదీ పెట్టి సరుకు ఆపితే బొగ్గైనా దారికొస్తుంది.

మాంట్రియల్‌లోనూ తిరకాసు ఉంది. ఓజోన్‌కి హాని చేయదని తెచ్చిన ఆర్-410ఏ భూమిని వేడెక్కించడంలో ఆర్-22 కంటే ఎక్కువే. అందుకే 2016లో రువాండాలోని కిగాలీలో మళ్లీ కూర్చుని మాంట్రియల్ ఒప్పందాన్ని సవరించారు. మన దేశం 2028లో ఇలాంటి గ్యాస్‌ల వాడకాన్ని పెరగకుండా ఆపి, 2032 నుంచి తగ్గించుకుంటూ పోవాలి. నేను నమ్మకం పెట్టుకున్నది దీనిమీదే.

మీ పాత ఏసీ తీయించేటప్పుడు గ్యాస్ ఏం చేస్తావని మెకానిక్‌ని అడిగి చూడండి. మిషన్ లేదంటాడు. తప్పు వాడిది కాదు, నేను నాది అప్పు చేసి కొన్నాను, ఇంకా ఆరు వాయిదాలున్నాయి.